నావకి మోటారు కడతానంటివి

ఇటు జరిగి కూర్చో మనవడా, పొగ అటే కొడుతోంది. ఫోనులో ఆ మోటారు బొమ్మ చూపించావు, చూశాను. సన్నగా, నల్లగా, ఒద్దికగా ఉంది. బ్యాటరీ మీద నడుస్తుందట, చప్పుడుండదట, కిరసనాయిలు కంపుండదట. నావకి బిగించెయ్యనా తాతా అని అడిగావు. ఊఁ అనో, ఉహూఁ అనో ఒక్క ముక్కలో తేల్చడానికి ఇది చిన్న సంగతి కాదు. మన పల్లెలో మొదటిసారి నావకి మోటారు కట్టాలా వద్దా అని పెద్దలు కూర్చున్నప్పుడు నాకు నీ ఈడే. ఆ ముచ్చట వింటే నీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మిగతా సగం లెక్క. లెక్కలంటే నీకు గిట్టవని మీ అమ్మ చెప్పింది, అయినా తప్పదు. ఆ పుల్లొకటి మంటలోకి తోసి విను.

మా నాన్న నాటికి నావని నడిపేవి నాలుగే: గెడ, తెడ్డు, చాప, ఆటుపోటు. మడ అడవి కాలవల్లో గెడ. అఖాతంలోకి వచ్చాక చాప. గాలి పడిపోతే తెడ్డు. ఈ మూడూ మన చేతిలోవి. నాలుగోది మన చేతిలోది కాదు, అన్నిటికీ పెద్ద. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళొచ్చిన వేళకి రేపు రావు, ముప్పావు గంట పైనే వెనక్కి జరుగుతాయి. అమావాస్యకీ పున్నానికీ కాలవ నీరు ఉరుకులు పెడుతుంది, అష్టమి నవముల్లో మెత్తబడుతుంది. పంతులుగారు పంచాంగం పెళ్ళి ముహూర్తాలకి చూసేవారు, మేం నీళ్ళకి చూసేవాళ్ళం. పాటుతో పోవాలి, పోటుతో రావాలి. ఎదురీదడం మగతనం అనుకునేవాడికి మా నాన్న తెడ్డిచ్చి ఒక్క పూట ఎదురు తొయ్యమనేవాడు. రెండో పూట వాడు పంచాంగం అడిగేవాడు.

చాప అంటే నువ్వు సినిమాల్లో చూసే తెల్ల గుడ్డ కాదురా. నూలు గుడ్డ. ఉప్పుకీ ఎండకీ పుచ్చిపోకుండా చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో నానబెడితే ఎర్రమట్టి రంగుకి తిరిగేది. నూలు వలలకీ అదే వైద్యం. ఆ కాగులు మరిగే రోజున పల్లంతా ఒకటే వగరు వాసన. నైలాను వలలు వచ్చాక కాగులు బోర్లించేశారు గానీ, ఇప్పటికీ ఎక్కడైనా బెరడు ఉడుకుతుంటే నాకు మా నాన్న చెయ్యి గుర్తొస్తుంది. గాలి పలచగా ఉందనుకో, ముంత పట్టుకుని చాప మీద నీళ్ళు చల్లేవాళ్ళం. పొడి గుడ్డలో సందుల్లోంచి గాలి జారిపోతుంది. తడిస్తే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, చాప బిర్రుగా పొంగుతుంది. ఆ పని కుర్రాళ్ళది. నీళ్ళు చాప మీద కంటే చుక్కాని పట్టుకున్న పెద్దాయన మీద ఎక్కువ పడితే వీపు మీద ఒకటి పడేది.

నువ్వడిగిన మోటారు ఏ వేటకి పుట్టిందో, ఆ వేట మేం చాపతోనే చేసేవాళ్ళం తెలుసా? గాలం తాడు వెనక వదిలి, నావని నిదానంగా నడుపుతూ వంజరాన్ని లాగడం. గాలానికి తెల్ల కోడి ఈక కట్టేవాళ్ళు. నావ మనిషి నడిచినట్టు నడవాలి. జోరెక్కువైతే ఈక నీటి మీద తేలి గంతులేస్తుంది, వంజరం దాన్ని చూసి మొహం తిప్పుకుంటుంది. జోరు తగ్గితే గాలం కిందికి కుంగుతుంది. చాప కొస కాస్త వదిలి, కాస్త బిగించి ఆ వేగం పట్టుకోవడంలో ఉంది పనితనం. మా చిన్నాన్న ఆ తాడుని కాలి బొటనవేలికి చుట్టుకుని, చేతులతో చాప చూసుకునేవాడు. వేలు చెప్పేది ఆయనకి, తగిలింది వంజరమా, ఉత్త చెత్తా అని. చేప లాగిన లాగుడుకి ఆ వేలు మీద పడిన గాడి ఆయన పోయేదాకా అలాగే ఉంది.

మర్యాదలు కూడా వేరుగా ఉండేవి. వేటకి పోయేవాణ్ణి ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే వాడు గెడ కింద పెట్టి ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. ఇంటి ఆడవాళ్ళు కూడా నోరారా పోయిరా అనరు, వస్తావుగా అంటారు. తిరిగొచ్చిన నావ ఒడ్డు తగలగానే మొదట కూర చేపలు తియ్యాలి. నావలో ఉన్నవాళ్ళ ఇళ్ళకే కాదు, మగదిక్కు లేని ఇళ్ళకి కూడా ఓ పిడికెడు కవళ్ళో నెత్తళ్ళో పోవాలి. ఆ తర్వాతే అమ్మకం. మీ ముత్తవ్వ గంప నెత్తిన పెట్టుకుని తాళ్ళరేవు దాకా నడిచి పోయేది. డబ్బులిచ్చేవాళ్ళు కొందరు, ధాన్యం కొలిచేవాళ్ళు కొందరు. కొసరు వెయ్యకపోతే బేరం పూర్తయినట్టు కాదు. నా చిన్నప్పుడు పది పైసలకి టీ ఇచ్చేవాళ్ళు, ఆ పది పైసలు కూడా టీకి పెట్టడం దుబారా అని ఆవిడ మజ్జిగ సీసాతో బయల్దేరేది. నీకు నవ్వొస్తోంది గానీ, ఆ సీసా మిగిల్చిన డబ్బుతోనే మా నాన్న సొంత వల కొన్నాడు.

ఎక్కడికో పోయాను. మోటారు దగ్గరికొద్దాం.

మోటారు పడవకి తగిలించే ఆలోచన ఓలె ఎవిన్‌రూడ్ అని నార్వేలో పుట్టి అమెరికా పోయిన ఒకాయన్ని ప్రపంచానికి ఎరుక చేసింది. 1906 ఎండాకాలంలో చెరువు గట్టున వనభోజనానికి పోతే ఆయన మనసుపడ్డ బెస్‌కి ఐస్‌క్రీమ్ తినాలనిపించిందట. ఆయన తెడ్లేసుకుంటూ అవతలి ఒడ్డుకి పోయి కొనుక్కొచ్చేసరికి అది కాస్తా నీరైపోయిందని చెబుతారు. ఆ రోషంతో పడవ అంచుకి బిగించే మోటారు తయారు చేసి, 1909 నాటికి మిల్వాకీలో అమ్మకానికి పెట్టాడు. మనసుపడ్డ పిల్ల కోరిక ఎంతదూరం తీసుకుపోతుందో చూడు. పెళ్ళయ్యాక నీకూ తెలుస్తుంది. తమాషా ఏమిటంటే మన దేశంలో పల్లెకారుల పడవలకి ఇంజన్లు పెట్టే పని మొదలెట్టించింది కూడా నార్వేవాళ్ళే. 1952లో ఒప్పందం రాసుకుని, 1953లో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో దిగారు. మన తీరానికి ఆ గాలి సోకడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ వాళ్ళు బంగాళాఖాతం కార్యక్రమం అని ఒకటి పెట్టారు. రేవు అక్కర్లేకుండా నేరుగా ఇసుక మీదికి లాక్కునే బోట్లు, అల విరిగే చోట ఫ్యానుని పైకెత్తుకునే ఏర్పాటు, ఇవన్నీ వాళ్ళు తీరం పొడవునా చేసి చూపించారు. ఆ రోజుల్లోనే కిరసనాయిలుతో నడిచే మోటార్ల కబురు మన పల్లెకీ చేరింది.

రామాలయం అరుగు మీద కూర్చున్నారు పెద్దలు. ఆ రాత్రి ఎన్ని మాటలు! చప్పుడుకి చేప పారిపోతుందని ఒకరు. కిరసనాయిలు జిడ్డు నీటి మీద పరుచుకుంటే రొయ్య పిల్ల చస్తుందని ఇంకొకరు. తుపాను ముంచుకొస్తే చాప నమ్ముకుని చావాలా, మోటారుంటే ఇంటికి రామా అని కుర్రకారు. గొరకల వేటగాడొకాయన ఉండేవాడు. నావ అడుగు చెక్కకి చెవి ఆనించి, కిందనించి వచ్చే గుర్రుగుర్రు శబ్దాన్ని బట్టి మంద ఎటుందో చెప్పేవాడు. మోటారొస్తే నా చెవికి పనుండదురా అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. షావుకారు మాత్రం అందరికంటే హుషారుగా ఉన్నాడు. డబ్బు సంగతి నాకొదిలెయ్యండి, చేప నాకు పొయ్యండి అన్నాడు.

అప్పుడు మా నాయనమ్మ, ఆడవాళ్ళ మధ్యనించి ఒక్క మాట అడిగింది. "చేప పడని రోజున దానికేం పెడతార్రా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ ఆ రాత్రి ఆ మాటని ముసలావిడ చాదస్తం అనుకునే వయసులోనే ఉన్నాను. అందుకే నీకిప్పుడు కూర్చోబెట్టి చెబుతున్నాను. చాపకి గాలి చాలు. తెడ్డుకి గంజి తాగిన మనిషి చాలు. మోటారుకి మాత్రం చేప పడినా పడకపోయినా రోజూ కూడు పెట్టాలి, అదీ మనుషులకంటే ముందు పెట్టాలి.

వాటాలెలా వేసేవారో విను, ఇక్కడే ఉంది కిటుకు. నావలో అయిదుగురు మనుషులనుకో. మనిషికో వాటా, నావకో వాటా, వలకో వాటా, మొత్తం ఏడు. వంద రూపాయల చేప పడితే మనిషికి దాదాపు పధ్నాలుగు వస్తుంది. ఇప్పుడు మోటారు కట్టావు. వందలో ముందు కిరసనాయిలు ఖర్చు ముప్పై తియ్యి. మిగిలింది డెబ్బై. మోటారు పెట్టినవాడు దానికి రెండు వాటాలంటాడు. తొమ్మిది వాటాలైతే మనిషికి ఎనిమిది రూపాయలు కూడా రావు. ఆ పధ్నాలుగు మళ్ళీ రావాలంటే ఎంత పడాలి? వేళ్ళు లెక్కెట్టకు, నే చెబుతా: నూట యాభై ఆరు. అంటే ఒకటిన్నర రెట్లు పడితేనే నిన్న తిన్న కూడు ఇవాళ తింటావు. లాభం ఆ తర్వాతి మాట.

అలాగని కట్టిన వాళ్ళందరూ మునిగారని చెప్పను, అబద్ధమాడితే గంగమ్మ ఊరుకోదు. మొదట కట్టిన రెండు మూడు నావల వాళ్ళు బాగుపడ్డారు. ఎవరూ పోలేనంత దూరం పోయారు, అందరికంటే ముందు ఒడ్డుకొచ్చారు, తాజా చేపకి మంచి ధర పలికింది. గాలి ఉన్నప్పుడే తూర్పారపట్టుకున్నారు. వాళ్ళని చూసి పల్లంతా కట్టింది. అందరూ అక్కడికే పోతే ఆ చేపే అందరికీ పంచుకోవాలిగా. ఖర్చు మాత్రం ఎవరి ఖర్చు వాళ్ళదే. భుజాల నొప్పి తగ్గింది, అది ఒప్పుకోవాలి. మా నాన్న వయసు మీరినా వేటకి పోగలిగాడంటే ఆ మోటారు పుణ్యమే.

కొన్నవాళ్ళ ముచ్చట్లు చెబితే తెల్లారుతుంది. మోటారుని నావ మీద వదిలితే దొంగలెత్తుకుపోతారని రోజూ సాయంత్రం భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చేవాళ్ళు. నడింట్లో గోనె పరిచి దాని మీద పడుకోబెట్టడం, పసుపు కుంకుమ పెట్టడం. ఒకింట్లో దానికి దోమతెర కట్టారు. ఆ ఇల్లాలు వీధిలోకొచ్చి, పిల్లలకి లేని తెర దానికెందుకని పోట్లాడింది, న్యాయమైన పోట్లాట. అంతకుముందు పెళ్ళికొడుకు వాళ్ళు సైకిలో, వాచీనో, రేడియోనో అడిగేవారు. ఆ తర్వాత మోటారు పెడతారా అని అడగడం మొదలెట్టారు. దాన్ని ఎక్కించడం, దించడం, నడపడం కూడా ఓ విద్య. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు మీద తిప్పాలి. చక్రానికి తాడు చుట్టి గట్టిగా ఒక్క గుంజు. వేడెక్కాక కిరసనాయిలుకి మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకి తేవాలి, లేదంటే కిరసనాయిలు లోపలే ఉండిపోయి మర్నాడు పొద్దున ఎంత గుంజినా దగ్గడమే తప్ప రాజుకోదు. అప్పుడు ప్లగ్గు విప్పి, లుంగీ కొసతో తుడిచి, ఊది, ఎండలో పెట్టి, దండం పెట్టి... ఆ తంతు జరిగేలోపు పాటు అయిపోయేది. ఫ్యాను మడ వేరుకి తగిలిందంటే లోపల ఉండే చిన్న పిన్ను విరిగిపోతుంది. గేర్లు పాడవకుండా కావాలనే మెత్తగా పెట్టిన పిన్నది. చొక్కా బొత్తానికి పెట్టుకునే సూదిపిన్నీసు పెట్టి నడిపిన ఘనుణ్ణి నేను చూశాను. ఎంతదూరం పోయిందో నువ్వే ఊహించుకో.

ఆ నవ్వుల వెనక ఒక ఏడుపుంది, అదీ చెప్పాలి. మోటారు మన డబ్బుతో రాలేదు, షావుకారు డబ్బుతో వచ్చింది. బయానా తీసుకున్నవాడు చేప ఆయనకే పొయ్యాలి, ఆయన చెప్పిన ధరకే పొయ్యాలి. ఒడ్డున పాట పెట్టి, ఐసు పెట్టెల్లో సర్ది, లారీ ఎక్కించేసేవాళ్ళు. మీ ముత్తవ్వ గంపలోకి మిగిలింది చిల్లర చేపే. నీళ్ళలో ఉన్న చేపకి ఒడ్డున బేరమాడకూడదంటారు పెద్దలు. మన వాళ్ళు అదే చేశారు, ఇంకా పుట్టని చేపని కూడా అమ్మేసుకున్నారు. మగదిక్కు లేని ఇళ్ళకి పోయే పిడికెడు కవళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ గుర్తు లేదు. ఎవరూ ఆపమనలేదు. ఆయిల్ ఖర్చు తీసి, షావుకారు పద్దు తీసి, మోటారు వాటా తీసి చూసుకుంటే ఇవ్వడానికి చెయ్యి రాలేదు. నాకు మోటారు మీద కోపం లేదు మనవడా, ఈ ఒక్క సంగతి మీద మాత్రం బాధ పోలేదు.

ఇంకొకటి. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు, అందులో వేటకి పోయిన వాళ్ళు ఎందరో. మనకంటే గట్టి ఇంజన్లున్న బోట్లు కూడా తిరిగి రాలేదు. మోటారుంటే ఇంటికి రామా అని అరుగు మీద అన్న మాట నాకు ఆ వారమంతా చెవిలో మోగింది. గాలికి చప్పుడు మారిందంటే మా నాన్న తరం వాళ్ళు వల కోసి వదిలేసైనా వెనక్కి తిరిగేవారు. చేతిలో యంత్రం ఉన్నవాడికి ఇంకో గంట ఆగి చూద్దామనిపిస్తుంది. ఆ గంట చాలా చెడ్డది.

సరే, ఇక నీ మోటారు. అది కూడా నిన్నా మొన్నా పుట్టింది కాదని మీ అక్క చదివి చెప్పింది. 1934లోనే అమెరికాలో ఫార్గో అనే ఊళ్ళో ఓ.జి.ష్మిట్ అనే ఆయన, ఫోర్డు మోడల్ ఏ కారు స్టార్టరు మోటారు ఊడదీసి, దానికి ఓ కడ్డీ, ఓ ఫ్యాను తగిలించి చేశాడట. ఇవాళ మిన్ కోటా పేరుతో అమ్మే మోటార్లకి మొదలు అదే. చెరువుల్లో చప్పుడు చెయ్యకుండా నిదానంగా పడవ నడుపుతూ గాలం వేసుకోవడానికి చేసిన వస్తువు. ఉరకడానికి చేసింది కాదు. ఇది ముందు బుర్రకెక్కించుకో.

దాని బలాన్ని పౌన్ల థ్రస్టులో చెబుతారు కదా. నలభై అయిదు కిలోల బరువుకి రెండు పౌన్ల థ్రస్టైనా ఉండాలన్నది మోటారు చేసేవాళ్ళ లెక్క. మన చిన్న నావ, ఇద్దరు మనుషులు, వల, ఐసు, బ్యాటరీ కలిపి ఏడు వందల కిలోలనుకో, ముప్పై ఒక్క పౌన్లు కనీసం. అది కదలిక లేని చెరువు నీటికి. మన కాలవలకీ, గాలికీ కలిపి 55 పౌన్లది తీసుకోవాలి. అది పూర్తి జోరులో 12 ఓల్టుల మీద 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. గుణిస్తే 600 వాట్లు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. చూశావా, ఒక గుర్రం కూడా కాదు. నిశ్చలమైన నీటిలో గంటకి అయిదు కిలోమీటర్లు పోతే గొప్ప.

ఇప్పుడు పంచాంగం తియ్యి. అమావాస్య నాడు పాటు గంటకి మూడు కిలోమీటర్లు లాగుతోందనుకో. దిగువకి పోతే అయిదూ మూడూ ఎనిమిది. అయిదు కిలోమీటర్లు నలభై నిమిషాల్లో పోతావు. ఆహా ఎంత బాగుంది తాతా అంటావు. అదే పాటుకి ఎదురు తిరిగి రావాలంటే అయిదులో మూడు పోతే రెండు. అదే దారి రెండున్నర గంటలు. నీ 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ, మామూలు సీసం బ్యాటరీ అయితే, సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది. పూర్తి జోరులో ఆ సగం గంటకే అయిపోతుంది. మిగతా గంటన్నర ఏం చేస్తావు? అందుకే యంత్రం వచ్చినా పాత మాటే: పాటుతో పో, పోటుతో రా. సగం జోరు మీద పోతే పూర్తి జోరుకి తాగేదాంట్లో పావు వంతు తాగుతుంది, ఆ సగం బ్యాటరీనే మూడు నాలుగు గంటలొస్తుంది. వేగానికి ఆశపడ్డవాణ్ణే బ్యాటరీ నడినీట్లో దింపేస్తుంది. లిథియం బ్యాటరీలు దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు, బరువు కూడా సగం లోపే, ధర చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. ఇన్వర్టరు కింద ఉన్న ట్యూబులర్ బ్యాటరీ ఎత్తుకుపోదామని మాత్రం చూడకు. యాభై కిలోల పైమాటే, పైగా మీ అమ్మ ఫ్యాను ఆగితే ఇద్దరికీ తిండి ఉండదు.

మంచి కూడా చెబుతా. ఛార్జింగుకి యూనిట్టో, యూనిట్టున్నరో కరెంటు. మా నాయనమ్మ అడిగిన ప్రశ్నకి ఇన్నేళ్ళకి ఇంత చౌక జవాబు దొరికింది. అయితే బ్యాటరీ కూడా చస్తుంది, నాలుగేళ్ళు వస్తే మహద్భాగ్యం, కాబట్టి రోజూ డబ్బాలో దాని పేరున కొంత వెయ్యి. చప్పుడుండదు. గొరకల మంద గుర్రు నీకు మళ్ళీ వినిపిస్తుందేమో. అఖాతం లోపల మోకాటి లోతు నీళ్ళలో కూడా కడ్డీ పైకి జరుపుకుని పోవచ్చు. గాలం లాగడానికి మనిషి నడక వేగం కుదురుగా పట్టుకుంటుంది, బొటనవేలికి తాడు చుట్టుకునే అవసరం నీకుండదు.

ఎక్కడ బిగించాలన్నది కూడా ఆలోచించు. అమరం మీద బిగించడం తేలిక. అణియం మీద బిగిస్తే నావని ముందు నుంచి లాగుతుంది, గాలికి మొహం అటూ ఇటూ తిరగదు. నువ్వొక్కడివే గాలం వేసేటట్టయితే అణియమే మేలు. వల వేసేటప్పుడు మాత్రం దాన్ని పైకెత్తి పెట్టు, తంగూసు ఫ్యానుకి చుట్టుకుందంటే వలా పోతుంది, మోటారూ వేడెక్కి పోతుంది. మనది ఉప్పునీరు. జింకు ముక్క తగిలించిందే కొను, అది అరిగిపోతూ మోటారుని కాపాడుతుంది. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడుగు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టించు, వైరు లావుది వేయించు. ఛార్జింగు పెట్టేటప్పుడు పొయ్యి దగ్గర వద్దు, సీసం బ్యాటరీ లోంచి మండే గ్యాసు వస్తుంది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర బేరమాడినట్టు మోటారుకి వేలు పోసి వైరు దగ్గర పిసినారితనం చెయ్యకు.

చట్టం సంగతి కూడా చూసుకో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో 61 రోజుల వేట నిషేధం ఉంది కదా. తెడ్డుతో, చాపతో నడిచే పాత పద్ధతి పడవలకి అది వర్తించదు. మోటారు కట్టావంటే నువ్వు మోటారు పడవల లెక్కలోకి పోతావు. కట్టకముందే మత్స్యశాఖ ఆఫీసుకి పోయి అడుగు. మడ అడవి కోరింగ అభయారణ్యంలోది, ఏ కాలవలోకి పోవచ్చో, ఏది కూడదో అటవీశాఖ వాళ్ళని కూడా అడుగు. ఏ ఆఫీసుకైనా చొక్కా బొత్తాలు పెట్టుకుని పో.

ఇంతసేపు కూర్చున్నావు కాబట్టి ఇక తీర్పు చెబుతా. కట్టు. కాలవలకీ, అఖాతం లోపలి వేటకీ, గాలానికీ కట్టు. మొగ దాటి దాంతో సముద్రంలోకి పోకు, అక్కడి నీటికి ఆ బలం చాలదు. మొదటి నెల పున్నానికీ అమావాస్యకీ బయటికి తియ్యకు, అష్టమి నవముల్లో తిప్పి దాని ఊపిరి ఎంతో తెలుసుకో. డబ్బు కూడబెట్టి కొను, నెల ఆగినా పరవాలేదు, ఏ షావుకారు దగ్గరా బయానా తీసుకోకు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యకూడదు, గెడా తెడ్లూ నావలోనే ఉండాలి, అవి దింపి నావ తేలికైంది తాతా అని నా దగ్గరికి రాకు. మొదటి వేట నుంచి పడిన దాంట్లో పిడికెడు తీసి, ఆ చివరింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మకి ఇచ్చిరా. రేపు పొద్దున్నే తెడ్లకి నూనె పట్టిద్దాం, నువ్వే రావాలి.